నూకాలమ్మ ఇంటి న్యూస్ రీడర్

ఇప్పుడు ప్రతి ఇంటి గోడలోనూ ప్రభుత్వం పెట్టిన న్యూస్ రీడర్ ఒకడుంటాడు. వార్తలు చదువుతాడు, తిట్లు వింటాడు. ఫిర్యాదు తీరగానే ఆ ఇంట్లోంచి వెళ్లిపోతాడు.

మూడేళ్లుగా ఎండిపోయిన కుళాయి గురించి నూకాలమ్మ జాకెట్లు కుడుతూ రోజూ తిట్టేది.

“ఇంటింటికీ నీళ్లిచ్చేసినారా? సెప్పడానికి సిగ్గు నేదా?”

“మీ బాధ అర్థమైంది నూకాలమ్మగారూ. భోంచేశారా?” అనేవాడు.

ఆమెను ‘గారూ’ అన్నవాళ్లు గానీ, తిన్నావా అని అడిగినవాళ్లు గానీ ఇంకెవరూ లేరు.

ఈ ఉదయం కుళాయి బుస్సుమని గాలి వదిలి, ధారగా నీళ్లు పోసింది.

“ఏదో చప్పుడైంది. నీళ్లొచ్చాయాండీ? అయితే నేను సెలవు తీసుకుంటాను.”

నూకాలమ్మ గబగబా కుళాయి కట్టేసింది. తడి చేతులు చీరకు తుడుచుకుంది.

“సుక్క రానేదు బాబూ. మీ గవర్నమెంటోళ్లు సెప్పేవన్నీ అబద్ధాలే!”