ఎర్రలైటు మీద ప్లాస్టరు

"అక్కా, మీటరు మీద ఆ ప్లాస్టరేంటి?"

"ఎర్రలైటురా. చినుకు పడ్డా వెలుగుతుంది. రోజూ 'నాన్నా పులి' అంటే ఎవరు నమ్ముతారు? మూసిపెట్టా," అంది అక్క, కారు నడుపుతూనే.

తమ్ముడి మొహం మాడింది. "బ్రేకు సెన్సరు చెడితే చెప్పే లైటది! అలాంటి సెన్సర్లతో ప్రమాదం లేదని రాసిచ్చే కొలువే నాది. చెడినా లైటు వెలుగుతుంది, నడిపేవాళ్లు జాగ్రత్తపడతారని పొద్దునే రిపోర్టు మీద సంతకం పెట్టి వచ్చా."

"ఇంకేం, వెలుగుతుందిగా!" నవ్వింది అక్క.

తమ్ముడు ప్లాస్టరు పీకాడు. బయట వాన లేదు. లైటు మాత్రం ఎర్రగా వెలుగుతోంది.

"ఎప్పట్నుంచి?"

"మూసేశాక నాకేం తెలుసురా?"

"కారు పక్కకి ఆపు అక్కా," అంటూ ఆఫీసుకి ఫోను కలిపాడు. "సార్, పొద్దున రిపోర్టు మీద పెట్టిన నా సంతకం కొట్టేయండి."

"ఎందుకయ్యా? లైటు వెలగదా?"

"వెలుగుతుంది సార్. మా అక్క చూడదు."