మధ్యాహ్నం బిళ్ళ

“మధ్యాహ్నం బిళ్ళ ఎవరు మింగుతున్నారమ్మా?” అని అడిగారు శ్రీకాకుళం డాక్టరుగారు, చిన్నతల్లి ఎత్తు రెండోసారి కొలిచి.

తల్లి ధనలక్ష్మి తెల్లబోయింది. కూతురు పేరుకే చిన్నతల్లి. రెండో తరగతిలో అందరికన్నా పెద్దపిల్ల. కిడ్నీల మీద టోపీల్లా కూర్చునే అడ్రినల్ గ్రంథులు ఈ పిల్లకి పుట్టుకతోనే టోపీ పెట్టాయి. అవి ఎగ్గొట్టిన హార్మోన్ని మూడు పూటలా బిళ్ళలుగా మింగించాలి. రోజూ ఒక పూట తప్పినా పిల్ల ఇప్పుడు సర్రున పెరుగుతుంది, ఎముకలు ముందే ముదిరి తర్వాత పొట్టిగా ఆగిపోతుంది. ఈలోగా గట్టి జ్వరమొస్తే ప్రాణానికే ముప్పు అన్నారు డాక్టరుగారు.

పొద్దుటిదీ రాత్రిదీ ధనలక్ష్మి స్వయంగా నోట్లో వేస్తుంది. చేదుకి పిల్ల మొహం తిప్పుకుంటే ఎప్పుడూ ఒకటే పాట: “మింగెయ్యమ్మా, పొడుగవుతావు.” మధ్యాహ్నం బిళ్ళ మాత్రం అన్నం క్యారేజీతో పాటు అత్తగారు సుభద్రమ్మ బడికి పట్టుకెళ్తుంది.

చీపురుపల్లి దాకా బస్సులో బిగబట్టిన నోరు ఇంటి గుమ్మంలో విప్పింది ధనలక్ష్మి.

“బిళ్ళ పారేస్తన్నావా అత్తా?”

“నానెందుకు పారేస్తానే? దాని సేతిలో ఎట్టి మరీ వస్తన్నాను.”

సుభద్రమ్మ పెరట్లోకి వెళ్ళి, అటు తిరిగి కూర్చుంది.

చిన్నతల్లి అరుగు మీద చింతపిక్కలతో అష్టాచెమ్మా ఆడుతోంది. ఇటూ తనే, అటూ తనే. గెలిచినా తనే, ఓడినా తనే. బడిలోనూ అంతే. అక్కడ ఎత్తు ప్రకారం కూర్చోబెడతారు. నలుగురు పట్టే ఆఖరి బెంచీ మీద ఆమె ఒక్కతే. తోటిపిల్లలు అక్కా అని పిలుస్తారు గానీ ఆటకి పిలవరు.

ధనలక్ష్మి పక్కన కూర్చుని, కొట్టనని ఒట్టేసి, నాయనమ్మ ఇచ్చిన బిళ్ళ ఏం చేస్తున్నావని అడిగింది.

“గౌరికిస్తన్నాను.”

“గౌరెవరే?”

“మొదటి బెంచీ. అందరికన్నా పొట్టిది.” చిన్నతల్లి పిక్కలు దోసిట్లోకి తీసుకుని, అటువైపు ఆట కూడా తనే వేసింది. “రోజూ మింగితే పొడుగవుతాది కదమ్మా. అప్పుడు నా బెంచీకొచ్చి కూకుంటాది.”