ఒక్కటే ఖాళీ

"తలుపు మూసెయ్యండి పిల్లలూ, గాలి వస్తోంది," అంది టీచరమ్మ.

బయట ఆకు కూడా కదలడం లేదు. గుమ్మంలో నిలబడ్డ మనిషి మాత్రం కదిలి లోపలికి వచ్చింది. జుట్టు నెరిసింది, ఒళ్ళు కాస్త బరువెక్కింది. అయినా మెడ నిటారుగా నిలిపే ఆ తీరును టీచరమ్మ వెయ్యిమందిలోనైనా పోల్చుకోగలదు.

పిచ్చుక! అది చిన్ననాటి నేస్తం ముద్దుపేరు.

"చూస్తారేం? కానివ్వండి," అని పిల్లలను అదిలించి, చప్పట్లతో తాళం అందుకుంది టీచరమ్మ. తన చప్పట్లే తాళం తప్పాయి.

ఈ హాల్లోనే ఇద్దరూ మాస్టారి దగ్గర నాట్యం నేర్చుకున్నారు. ఒకరు అడుగేస్తే రెండోవాళ్ళ అడుగు దానంతటదే పడేది. పెద్ద ట్రూపు వాళ్ళు వచ్చి చూసి వెళ్ళిన సాయంత్రం, "వెళ్తే ఇద్దరం, లేకపోతే లేదు," అని పిచ్చుకే చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టింది.

వారం తిరిగేసరికి పిచ్చుక ఊళ్ళో లేదు. ఒక్కటే ఖాళీ ఉందట, తననే తీసుకున్నారట. ఆ కబురు కూడా పాపం మాస్టారే మోసుకొచ్చారు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది. తర్వాత పిచ్చుక ఫోన్లు చేసినా టీచరమ్మ ఎత్తలేదు.

"ఏడవకమ్మా, ఈ హాలు నీదే అనుకో," అన్నారు మాస్టారు. అలాగే అనుకుంది. పిల్లలకు నేర్పింది, సాయంత్రాలు పని ముగించుకొని వచ్చే ఆడవాళ్ళకు నేర్పింది, నడుం వంగని గుమాస్తాలకూ నేర్పింది. మాస్టారికి నా అన్నవాళ్ళు లేరు. ఆయన మంచాన పడ్డప్పుడు తన ఇంటికే తెచ్చుకుని కోలుకునేదాకా సాకింది. కన్నకూతురు కూడా ఇంతలా చూడదన్నారు అందరూ. ఇప్పుడాయన రోజూ హాల్లో ఓ మూల కుర్చీలో కూర్చుని, చేతికర్రతో తాళం వేస్తూ ఉంటారు.

పిల్లలు వెళ్ళిపోయారు.

"మంచినీళ్ళైనా ఇవ్వవా?" అంది పిచ్చుక.

"కుళాయి బయటుంది."

"అమ్మో, ఇంకా అంత కోపమే! ట్రూపు మానేశానే. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. ఇక్కడ నీతో కలిసి పిల్లలకు నేర్పుదామని వచ్చాను."

టీచరమ్మకు ఒళ్ళు మండింది. "అక్కడ నా చోటు లాక్కున్నది చాల్లేదా? ఇక్కడిదీ కావాలా?"

"నీ చోటా? నేనేం లాక్కున్నాను?"

"ఏమీ తెలియనట్టు అడక్కు. ఒట్టు పెట్టిందెవరు?"

"నేనే."

"ఒక్క మాటైనా చెప్పకుండా బస్సెక్కిందెవరు?"

"నేనే. ఆ బస్సును కదలనివ్వకుండా డ్రైవరు కాళ్ళావేళ్ళా పడిందీ నేనే. నువ్వు వస్తావేమోనని సందు చివరిదాకా చూస్తూనే ఉన్నాను."

"పిలవని పేరంటానికి నేనెందుకొస్తాను? ఉన్నది ఒక్క ఖాళీ. అది నువ్వు ఎగరేసుకుపోయావు."

"ఒక్క ఖాళీనా?" పిచ్చుక మొహం పాలిపోయింది. "అదేంటే... నువ్వే కదా రానన్నావని..."

ఆమె చూపు మూలనున్న కుర్చీ మీదికి పోయింది. టీచరమ్మ అటు తిరిగింది.

"చూశారా మాస్టారూ, నంగనాచి కబుర్లు! ఇన్నేళ్ళూ నేను కుమిలి కుమిలి ఏడ్చింది చాలదన్నట్టు, ఇప్పుడు తప్పు నా మీదకే తోస్తోంది. ఆ రోజు ఏం జరిగిందో మీరే చెప్పండి దీనికి."

చేతికర్ర చప్పుడు ఆగింది. మాస్టారు తల ఎత్తలేదు.

"ఇద్దరూ వెళ్ళిపోతే నాకెవరుంటారమ్మా?"