పదకొండో రోజు ఫోటో

"గదుమ ఒక్కటే గాదే, మొకం మొత్తం రావాలె!" అని ఒర్లిండు గంగారాం.

గంగారాం లెక్క దుబాయి నుంచి అచ్చినోళ్లు ఇల్లు దాటకుండ, రోజూ ఫోటో దిగి ఊరి కరోనా వాట్సాప్ గ్రూపుల పెట్టాలె. తీసుడు పెండ్లాం జమున పని. ఫోటో మంచిగ రాకపోతే దెబ్బలు, మంచిగ అచ్చినా ఇంకోదానికి దెబ్బలే. కోరుట్లల తల్లిగారింటికి పోదామన్నా లాక్‌డౌన్ల బస్సు లేదు.

గియ్యాల, పదకొండో రోజు, బీరువ ముందట కుర్చీ ఏసుకున్నడు. ఫోటో నచ్చింది. "హీరో లెక్కున్న" అనుకుంట తానే గ్రూపుల పెట్టిండు.

నిమిషంల ఆశా వర్కర్ భూలచ్చక్క ఫోన్ చేసింది. స్పీకర్ల గొంతు ఇల్లంత ఇనవడ్డది.

"గంగారాం, నువ్వు మంచిగనే ఉన్నవ్. నీ ఎన్క బీరువ అద్దంల, ఫోన్ పట్టుకున్న జమునకు కన్నెందుకు వాసింది?"

"జారి పడ్డదక్కా!"

"పదకొండు రోజులు ఇంట్లనే ఉన్నది గద, ఏ గుట్ట మీంచి జారింది? ఎస్సై సారు గూడ గ్రూపుల్నే ఉన్నడు. సూశిండు."

గ్రూపుల నుంచి ఫోటో తీసేద్దామని గంగారాం గాబరాగ ఫోన్ నొక్కిండు. అది ఇంకో రెండుసార్లు గ్రూపులకు పోయింది.

జమున కుర్చీ గుంజుకొని కూసున్నది. పెండ్లయినంక మొగని ముందట కుర్చీల కూసునుడు గిదే మొదలు.

"అక్కా, అద్దంల సక్కగ కనవడలే. ఆగు, దగ్గరికెల్లి ఒకటి పంపుత" అన్నది.

ఫోన్ పట్టుకొని నిలవడ్డ మొగని దిక్కు మొకం తిప్పింది.

"తియ్యి."