వచ్చేపోయేవాళ్ల బాత్రూం

"మా ఇంటికి వచ్చేపోయేవాళ్లు ఎక్కువయ్యా. ఇల్లు కాదు, సత్రం అనుకో. ఈ కంపుతో తలెత్తుకోలేకపోతున్నా," అన్నాడు ఇంటాయన, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని.

ప్లంబరు అతిథుల బాత్రూంలోకి తొంగిచూశాడు. మడత నలగని తువ్వాలు, కాగితం విప్పని సబ్బు. కమోడ్‌లోకి టార్చి వేస్తే అడుగున చుక్క నీరు లేదు.

"పై అంతస్తువాళ్ల పైపు పగిలుంటుంది. మా గడప తొక్కొద్దని వాళ్లకి చెప్పేశా."

"పైవాళ్ల తప్పేం లేదండీ. కమోడ్ అడుగున గొట్టం వంపు తిరిగి ఉంటుంది. ఫ్లష్ చేసినప్పుడల్లా అందులో కాసిని నీళ్లు నిలుస్తాయి. కింది కంపు పైకి రాకుండా ఆ నీళ్లే మూత. మీది ఎండిపోయింది."

"ఎందుకెండింది?"

ప్లంబరు నసిగాడు. "నెలల తరబడి ఎవరూ వాడకపోతే ఎండుతుందండీ. చివరిసారి ఎవరు వాడారు?"

"మా బావమరిది. సబ్బు సగానికి అరగదీశాడు. ఆ మాటే మొహం మీద అనేశా."

"మళ్లీ రాలేదా?"

"వాడికి తీరికుండొద్దూ!"

ప్లంబరు బకెట్టెడు నీళ్లు కుమ్మరించాడు. కాసేపటికి కంపు తగ్గింది. ఇంటాయన రుమాలు జేబులో పెట్టుకున్నాడు.

"వారానికోసారి ఎవరో ఒకరు వాడితే చాలండీ. మళ్లీ నాతో పనుండదు," అంటూ పనిముట్లు సర్దుకున్నాడు ప్లంబరు. తర్వాత మొహమాటంగా అడిగాడు. "పొద్దుట్నుంచీ పనిలోనే ఉన్నా. ఒకసారి బాత్రూంకి వెళ్లొచ్చా?"

"ఇందులోనా!" ఇంటాయన తలుపు లాగి గడియ పెట్టేశాడు. "వీధి చివర ఉంది, వెళ్లు. ఇది వచ్చేపోయేవాళ్లకయ్యా."