సగం గడి

దేవుడు మనిషిని చేసేటప్పుడు ఏ గడిలో పెట్టాలో కూడా చీటీ రాసి పంపుతాడా అన్న అనుమానం ఆ బడి గుమాస్తాకు చాలా ఏళ్ళుగా ఉంది. పైకి మాత్రం, "ఒక్కదానికే టిక్కు పెట్టాలమ్మా. కొండవాళ్ళా, తీరంవాళ్ళా?" అన్నాడు మూడోసారి.

"వాళ్ళ నాన్నది కొండ, నాది తీరం. కవలపిల్లలు. ఇద్దరికీ సగం సగం రాయండి," అంది బట్టలు కుట్టి బతికే ఆ తల్లి.

"సగం గడి లేదమ్మా."

"సగం పిల్లలు నా దగ్గరా లేరు బాబూ!"

"బొమ్మా బొరుసా వేసెయ్యి తల్లీ, వెనకాల మేమూ ఉన్నాం," అని వరుసలోంచి ఎవరో అరిచారు.

కొండవాళ్ళ పిల్లలకు కింది గది, తీరంవాళ్ళ పిల్లలకు మేడమీది గది. ఆ రోజుతో అడ్మిషన్లు ఆఖరు. గొడవ విని హెడ్మాస్టరు ఆమెను తన గదిలోకి పిలిచాడు.

"పుట్టిన దగ్గర్నుంచి ఒకదాని చెయ్యి ఒకటి వదల్లేదు సార్. ఏదో ఒకటి రాసుకోండి గానీ, ఇద్దర్నీ ఒక్క బెంచీ మీద కూర్చోబెట్టండి."

"ఏదో ఒకటి రాయడానికి ఇదేమన్నా కిరాణా చిట్టీయా? మొహం చూస్తే చెప్పేస్తాను. ఈ వెంట్రుకలు ఊరికే నెరిశాయా? ఒక్కొక్కర్నే రమ్మను."

"సార్, చిన్నదానికి..."

"నువ్వేం చెప్పకు. నేనే కనిపెడతాను."

పిల్ల వచ్చి నిలబడింది. హెడ్మాస్టరు కళ్ళజోడు సర్దుకున్నాడు. "వెడల్పు నుదురు, మొండి చూపు. అచ్చం కొండ! పో, బయట కూర్చో. ఏమయ్యా గుమాస్తా, రెండోదాన్ని పంపు!"

కిటికీ దగ్గరి వరుసతో సతమతమవుతున్న గుమాస్తా, కాగితాల్లోంచి తల ఎత్తకుండానే, బెంచీ మీదున్న పిల్లను లోపలికి పొమ్మని చెయ్యి ఊపాడు.

"సార్, అదీ..." అంటూ తల్లి లేచింది.

"ఆగమ్మా, అడ్డురాకు!" ఆయన పిల్ల గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "తేడా చూశావా? సన్నటి ముక్కు, మెత్తటి చూపు. ఇది తీరం, సందేహమే లేదు. అది కింద, ఇది మేడమీద." రెండు దరఖాస్తుల మీదా టపటపా ముద్ర గుద్దేశాడు. "నాతో వాదించి లాభం లేదు. ఇప్పుడు చెప్పు, ఏమిటో అనబోయావు?"

తల్లి పిల్లను దగ్గరికి తీసుకుంది.

"రెండుసార్లూ వచ్చింది ఇదే సార్. చెల్లెలు జ్వరంతో ఇంట్లో పడుకుంది."