ఆకుపచ్చ పొట్లం

తైవాన్‌లోని తైనాన్‌లో అందరిలాగే పెయ్-యూన్ కూడా కంప్యూటర్ మీద ఆకుపచ్చ చిరుతిళ్ల పొట్లం పెట్టుకుంది. అది మీద ఉన్నంతసేపూ యంత్రం మాట వింటుందని నమ్మకం. దాన్ని విప్పకూడదు, తినకూడదు.

అయినా ఆ రాత్రి తెర మీద మళ్లీ అదే హెచ్చరిక: 'కనెక్షన్ తెగిపోయింది.' తెగిందెక్కడ? ఆ పక్కనే నెట్‌లో సినిమా నిక్షేపంగా నడుస్తోంది.

"ఉత్తుత్తి హెచ్చరికే చెల్లీ," అన్నాడు ఫోన్లో అన్న జుంగ్-హావ్. "ఇంటర్నెట్ తీగ పీకి మళ్లీ పెట్టు. పొట్లానికి గడువు దాటలేదు కదా?"

"నిన్ననే కొన్నా. నాకామాత్రం తెలీదనుకున్నావా?"

తీగ పీకేసింది. సినిమా ఆగింది. హెచ్చరిక మారింది: 'కనెక్షన్ కలిసింది.'

ఆ ఇంట్లో వైఫై లేదు. ఉన్న ఒక్క తీగా ఆమె చేతిలో వేలాడుతోంది.

"అన్నయ్యా, ఎవరితో కలిసినట్టు ఇది?"

"లేచి మా ఇంటికొచ్చెయ్," అన్నాడు అన్న.

"నా ఇల్లు వదిలి నేనెందుకొస్తాను? పోతే అదే పోతుంది."

ఫోన్ పెట్టేసి, పొట్లం లాక్కుని చర్రున చింపింది. గుప్పెడు నోట్లో పోసుకుని, తెరనే చూస్తూ కరకరా నమిలింది.

"నిన్నిక బతిమాలేది లేదు. ఏం చేస్తావో చేసుకో."

మింగి, నోరు మూసుకుంది.

కరకర ఆగలేదు. తెర వెనక నుంచి తీరిగ్గా వస్తూనే ఉంది.

పెయ్-యూన్ కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుంది. పొట్లాన్ని ఒళ్లోకి అదుముకుంది.

"నీకొక్కటి కూడా పెట్టను," అంది.